పేరొకటి, ప్రాణమొకటి

మా పెరట్లో ఒక మామిడిచెట్టు వుంది. దాని కథ చెప్పిగాని అసలు విషయంలోకి రాలేను. పాఠకులు క్షమించాలి.

పదేళ్ళ క్రిందట ఒక నర్సరీలో బంగినపల్లి అంటు అని చెబితే నమ్మి కొని తెచ్చాను. మొక్క మెడలో చిన్న రేకుముక్క కట్టి, దాని మీద ఎర్రరంగుతో 'బంగినపల్లి' అని రాశారు. రాసింది చదవడం, చదివింది నమ్మడం మా తెలుగు పంతుళ్ళకు వృత్తిరీత్యా అంటుకున్న జబ్బు. పాదు తీశాను. పెంట వేశాను. ఎండాకాలంలో ఇంట్లో నీళ్ళకు కటకటలాడినా దానికి రెండు బిందెలు తప్పకుండా పోశాను. అయిదో ఏట చెట్టు కాపుకు వచ్చింది. కాయ పొడుగ్గా వుంది. చివర చిలకముక్కులా వంకర తిరిగింది. ఇరుగుపొరుగు వాళ్ళు చూసి ముసిముసిగా నవ్వుకున్నారు. అది కలెక్టరు కాయ!

తోటపనిలో తల పండిన ముసలాయన ఒకాయన వచ్చి, ఆకు నలిపి వాసన చూసి, "మొదటిరోజే నన్ను పిలిస్తే చెప్పేవాణ్ణి గదండీ పంతులుగారూ!" అన్నాడు. ఒక్క ఆకు నలిపి చూస్తే తేలిపోయే సంగతికి నేను అయిదేళ్ళు నీళ్ళు మోశానన్నమాట.

మొన్న సంక్రాంతికి ఇంటిల్లిపాదీ చేరినప్పుడు ఈ కథ మళ్ళీ చెప్పాను. అందరూ నవ్వారు. మా మేనకోడలు ఒక్కతే నవ్వలేదు. ఆ పిల్ల జీవశాస్త్రంలో డాక్టరేటు కోసం పరిశోధన చేస్తున్నది. కాలేయానికి వచ్చే కాన్సరు మీద ఒక మందు ఎలా పనిచేస్తుందో చూడటం ఆమె పని.

"మామయ్యా, నాదీ కలెక్టరు కాయే అయింది" అన్నది మెల్లగా.

ఏమిటమ్మా సంగతి అంటే చెప్పుకొచ్చింది. రెండేళ్ళ పాటు ఆ పిల్ల ప్రయోగాలు చేసింది సీసాలో పెంచిన కాలేయ కణాల మీద. ఆ కణాలు తన సీనియరు ఇచ్చినవి. ఆ సీనియరుకు అంతకు ముందువారు ఇచ్చారు. సీసా మీద 'కాలేయం' అని శుభ్రంగా రాసి వుంది. వాటితో చేసిన పని మీద ఒక వ్యాసం అచ్చయింది కూడాను. రెండో వ్యాసం పంపితే ఆ పత్రిక వారు, "ముందు మీ కణాలు ఎవరివో పరీక్ష చేయించి ఆ కాగితం పంపండి" అన్నారు. పరీక్ష చేయించింది. అవి కాలేయ కణాలు కావు. ఎప్పుడో 1951లో అమెరికాలో కన్నుమూసిన ఒక నీగ్రో జాతి స్త్రీ గర్భాశయ ముఖద్వారంలో పుట్టిన కాన్సరు కణాలు!

నేను నిర్ఘాంతపోయాను. ఆ రాత్రి ఆ పిల్ల చెప్పినదీ, ఆ తర్వాత కుతూహలం కొద్దీ నేను చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

సీసాలో సంసారం

కాన్సరును మన పెద్దలు రాచపుండు అనేవారు. దాని గుట్టు తెలుసుకోవాలంటే ప్రతి ప్రయోగమూ రోగి మీద చేయలేరు గదా! అందుకని రోగి శరీరం నుంచి కొంచెం కణితి ముక్క తీసి, దానిలోని కణాలను పోషక ద్రవం పోసిన సీసాల్లో, మన ఒంటివేడికి సమానమైన వెచ్చదనంలో పెంచుతారు. అవి చీలి రెండవుతాయి, రెండు నాలుగవుతాయి. సీసా నిండగానే కొన్నింటిని తీసి కొత్త సీసాలో వేస్తారు. మన ఇళ్ళలో నిన్నటి పెరుగు కొంచెం తీసి ఇవాళ్టి పాలకు తోడు వేసుకున్నట్టే. ఇలా తరతరాలుగా సాగే కణాల సంతతిని 'సెల్ లైన్' అంటారు. కణవంశం అని మనం చెప్పుకోవచ్చు.

1951కి ముందు మానవ కణాలను ఇలా శాశ్వతంగా బ్రతికించడం ఎవరికీ చేతకాలేదు. కొన్నాళ్ళు వుండి చచ్చిపోయేవి. ఆ ఏడు అమెరికాలో బాల్టిమోరు నగరంలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి హెన్రియెటా లాక్స్ అనే స్త్రీ వచ్చింది. పొగాకు పొలాల్లో పెరిగిన మనిషి. అయిదుగురు బిడ్డల తల్లి. ఆమె కణితి నుంచి తీసిన ముక్క జార్జి గై అనే శాస్త్రజ్ఞుని ప్రయోగశాలకు చేరింది. తీసుకుంటున్నామని ఆమెతో ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. ఆమె పేరులోని మొదటి అక్షరాలు కలిపి ఆ కణాలకు 'హీలా' అని పేరు పెట్టారు.

ఆ కణాలు చావలేదు. సుమారు రోజుకొకసారి రెట్టింపవుతూ పోయాయి. 1951 అక్టోబరు 4న హెన్రియెటా తన 31వ యేట కన్నుమూసింది. ఆమె కణాలు మాత్రం దేశదేశాలకూ ప్రయాణం కట్టాయి. పోలియో టీకా మందును పరీక్షించడంలో అవి ఎంతో సాయపడ్డాయి.

హీలాను చూసి తక్కిన శాస్త్రజ్ఞులకూ హుషారు వచ్చింది. 1950లలో ఒకరు నోటి కాన్సరు నుంచి, ఒకరు గొంతు కాన్సరు నుంచి, ఒకరు కాలేయం నుంచి, మరొకరు పేగు నుంచి కణవంశాలు స్థాపించామని ప్రకటించారు. అంతా బాగానే వుందనుకున్నారు.

పది లక్షల మందిలో ఒక్కటి

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఒక సీసాలో నెమ్మదిగా, మూడు రోజులకొకసారి రెట్టింపయ్యే కణాలు పది లక్షలున్నాయనుకుందాం. పొరబాటున అందులో ఒకే ఒక్క హీలా కణం పడింది. అది రోజుకొకసారి రెట్టింపవుతుంది. నెల తిరిగేసరికి నెమ్మది కణాలు పదిసార్లు రెట్టించి సుమారు 102 కోట్లవుతాయి. ఆ ఒక్క హీలా కణం ముప్ఫయిసార్లు రెట్టించి సుమారు 107 కోట్లవుతుంది! అంటే నెలరోజుల్లో ఇంటివాళ్ళూ, చుట్టపుచూపుగా వచ్చిన ఒక్కరూ సరిసమానం. రెండో నెల పూర్తయ్యేసరికి అసలు ఇంటివాళ్ళు పది లక్షలకు ఒకరు. సీసా మార్చినప్పుడల్లా కొన్ని కణాలనే తీసి వేస్తారు గనుక ఆ ఒక్కరూ ఎక్కడో జారిపోతారు. మిగిలేది హీలా ఒక్కటే.

ఆ ఒక్క కణం ఎలా పడుతుందంటారా? ఎంత తేలికో! ఒకే పోషక ద్రవపు సీసాను రెండు రకాల కణాలకూ వాడితే చాలు. ఒకే గొట్టం రెండు సీసాల్లో ముంచితే చాలు. కంటికి కనబడని తుంపర ఒకటి ఎగిరిపడితే చాలు. ఒక్కొక్కప్పుడు ఇదేదీ అక్కరలేదు. అలసిన చెయ్యి ఒక సీసా చీటీని మరో సీసాకు అతికిస్తే సరి. ఆవకాయ జాడీ, మాగాయ జాడీ తారుమారైతే మూత తీయగానే మనకు తెలుస్తుంది. కణాలు అలా కాదు. సూక్ష్మదర్శిని క్రింద చూసినా చాలా కణాలు ఒకే పోలికగా వుంటాయి. సీసా మీద చీటీ మారదు, లోపలి ప్రాణి మారిపోతుంది.

బెడ్‌ఫర్డు సభలో పిడుగు

1966లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బెడ్‌ఫర్డులో కణాలను పెంచే శాస్త్రజ్ఞుల మహాసభ జరిగింది. అక్కడ స్టాన్లీ గార్ట్‌లర్ అనే జన్యుశాస్త్రజ్ఞుడు లేచాడు. ఆయన 18 వేర్వేరు కణవంశాలను పరీక్షించాడు. జి-6-పి-డి అనే ఒక ఎంజైము మన కణాల్లో వుంటుంది. దానిలో 'ఎ' అనే రకం ఆఫ్రికా సంతతి వారిలోనే కనిపిస్తుంది. తెల్లవారిలో దాదాపు కనబడదు. గార్ట్‌లర్ చూసిన 18 వంశాల్లోనూ ఆ 'ఎ' రకమే వుంది. వాటిలో తెల్లవారి నుంచి తీసినవని పుస్తకాల్లో రాసుకున్నవీ వున్నాయి. ఒకే మాటలో చెప్పాలంటే, అవన్నీ హీలాయే కావచ్చునని ఆయన తేల్చాడు.

ఆ సభలో లెనార్డు హేఫ్లిక్ అనే పేరుపొందిన శాస్త్రజ్ఞుడు వున్నాడు. గార్ట్‌లర్ జాబితాలోని కణవంశాల్లో ఒకటి ఆయన స్వయంగా స్థాపించినది. అది తన కూతురు పుట్టినప్పుడు ఆ పిల్ల చుట్టూ వున్న ఉమ్మనీటి పొర నుంచి తీసినది. దానిలోనూ ఆఫ్రికా సంతతి గుర్తు వుందంటే ఆయన ఇంటి పరువు సంగతేమిటి? తాను అప్పుడే భార్యకు ఫోను చేశాననీ, తన భయాలకు ఆధారం లేదని ఆమె హామీ ఇచ్చిందనీ ఆయన చమత్కరించాడు. సభ ఘొల్లుమన్నది. కాని ఆ నవ్వులో ఎంతమంది గుండెలు దడదడలాడాయో! ఏళ్ళ తరబడి కాలేయమని, పేగు అని, గొంతు అని రాసిన వ్యాసాలన్నీ ఏం కావాలి?

ఆ నోరు, ఆ గొంతు, ఆ కాలేయం, ఆ పేగు - పేర్లు నాలుగు, మనిషి ఒక్కతే. శాస్త్రీయంగా ఇది తర్వాత స్థిరపడిన విషయం.

ఉన్నమాటంటే ఉలుకెక్కువ

ఇంత తెలిశాక అందరూ తమ సీసాలు పరీక్ష చేసుకుని వుంటారని మీరనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. జరిగింది వేరు. చాలామంది, "అది ఇతరుల సీసాల సంగతి, మా దగ్గర అలాంటిది జరగదు" అనుకుని పనిలో పడిపోయారు.

1970లలో కాలిఫోర్నియాలోని ఓక్లండులో వాల్టర్ నెల్సన్-రీస్ అనే ఆయన ఈ పని నెత్తిన వేసుకున్నాడు. క్రోమోజోముల మీద అడ్డచారలు కనబడేలా రంగు వేసి, హీలాకు ప్రత్యేకమైన గుర్తులు పట్టడం ఆయన పద్ధతి. ఆ రోజుల్లోనే సోవియట్ రష్యా శాస్త్రజ్ఞులు తమ రోగుల నుంచి తీసిన కాన్సరు కణాలని అమెరికాకు కొన్ని పంపారు. పరీక్షించి చూస్తే అవీ హీలాయే! రెండు దేశాలకూ ఒకరి గాలి ఒకరికి పడని కాలంలో ఒక పేద అమెరికా స్త్రీ కణాలు సరిహద్దులు దాటి అక్కడి ప్రయోగశాలల్లో కాపురం పెట్టాయన్నమాట.

నెల్సన్-రీస్ ఊరుకోలేదు. 1974 నుంచి 'సైన్స్' పత్రికలో తప్పుడు పేర్ల కణాల జాబితాలు, అవి ఏ ప్రయోగశాల నుంచి వచ్చాయో ఆ వివరంతో సహా అచ్చువేశాడు. దానితో ఆయనకు మిత్రులకంటే శత్రువులు ఎక్కువయ్యారు. 1981లో ఆయన ఆ రంగం నుంచే తప్పుకున్నాడు. అడిగేవాడు పోయాడు. సమస్య మాత్రం పోలేదు.

నష్టపోయేది ఎవరు?

శాస్త్రజ్ఞుల సీసాలు తారుమారైతే మనకేమిటి అని పాఠకులకు అనిపించవచ్చు. రెండు సంగతులు చెబుతాను.

1976లో అమెరికాలోని హ్యూస్టనులో రొమ్ము కాన్సరు వున్న ఒక స్త్రీ నుంచి తీసినదని ఒక కణవంశం వచ్చింది. దాని పేరు ఎం.డి.ఎ. - ఎం.బి. - 435. రొమ్ము కాన్సరు శరీరంలో ఇతర చోట్లకు ఎలా పాకుతుందో తెలుసుకోవడానికి వందలాది వ్యాసాలకు అది ఆధారమైంది. 2000లో జన్యువుల తీరు చూస్తే అది రొమ్ము కణంలా లేదు. మెలనోమా అనే చర్మపు కాన్సరు కణంలా వుంది. ఆ తర్వాత తేలిందేమంటే, అది ఎం-14 అనే మెలనోమా కణవంశమే. ఆ ఎం-14 ఒక పురుషుడి నుంచి తీసినది! రొమ్ము కాన్సరుతో బాధపడే అక్కచెల్లెళ్ళ కోసం చేసిన శ్రమలో కొంత ఎవరో ఒక మగవాడి చర్మవ్యాధికి ధారపోసినట్టయింది.

రెండోది ఇంకా విచారకరం. అన్నవాహికకు వచ్చే ఒక రకం కాన్సరు మీద పనిచేసేవారు వాడే మూడు కణవంశాలు అన్నవాహికవే కావని 2010లో బయటపడింది. ఒకటి ఊపిరితిత్తులది, ఒకటి పెద్దపేగుది, ఒకటి జీర్ణకోశానిది. అప్పటికే వాటి ఆధారంగా వందకు పైగా వ్యాసాలు అచ్చయ్యాయి. అమెరికాలో 11 పేటెంట్లు తీసుకున్నారు. అంతకంటే ముఖ్యంగా, ఆ ఫలితాలు చూసుకుని నిజమైన రోగులను చేర్చుకుని కొత్త చికిత్సలు అప్పట్లో పరీక్షిస్తుండేవారు. కాన్సరు రోగి దగ్గర మిగిలినది కొద్దికాలం. ఆ కాలాన్ని నమ్మి అప్పగిస్తే, ఆ నమ్మకానికి పునాది ఒక తప్పుడు చీటీ!

థైరాయిడు కాన్సరు వారూ ఒకసారి తమ ఇల్లు చూసుకున్నారు. 2008లో 40 కణవంశాలను పరీక్షిస్తే వేర్వేరువని తేలినవి 23 మాత్రమే. తక్కినవి ఒకదానికొకటి నకళ్ళో, థైరాయిడుతో సంబంధమే లేనివో. 2017లో హాలెండు దేశపు పరిశోధకులు ఇద్దరు లెక్క తీస్తే, తప్పుడు పేర్ల కణాలతో చేసిన వ్యాసాలు 32,755 తేలాయి. వాటిని ఆధారంగా చూపిన వ్యాసాలు సుమారు అయిదు లక్షలుంటాయని అంచనా వేశారు.

అలాగని మనం మందుల షాపులో కొనే ప్రతి మందూ అనుమానించవలసిన పని లేదు. సీసాలో కణాల మీద పనిచేసిన మందు జంతువుల మీద, ఆ తర్వాత అంచెలంచెలుగా మనుషుల మీద నెగ్గితేనే బజారుకు వస్తుంది. తప్పుదారి పట్టినవి సాధారణంగా దారిలోనే ఆగిపోతాయి. కాని ఆ దారిలో ఖర్చయ్యే డబ్బు, ప్రాణులు, రోగుల ఓర్పు, మా మేనకోడలి వంటి పిల్లల వయసు తిరిగి రావు.

మకుటం వుంటే వేమన్నదేనా?

ఇదంతా వింటుంటే నాకు నా చదువు గుర్తుకు వచ్చింది. చివర మకుటం వున్నంత మాత్రాన ప్రతి ఆటవెలదీ వేమన్నది కాదు. ఎవరో చెప్పిన పద్యానికి ఎవరో మకుటం తగిలించారు. వ్రాయసకాండ్రు ఒక ప్రతి చూసి మరొక ప్రతి రాసేటప్పుడు తమ పద్యాలు దూర్చారు. అందుకే మా శాఖలో తాళపత్ర ప్రతి చేతికి వస్తే అట్ట మీద పేరు చూసి ఊరుకోము. నాలుగు ప్రతులు ముందు పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చి చూస్తాము. మా గురువులు మొదటి పాఠంగా నేర్పింది అదే. మామిడి అంటు దగ్గర ఆ పాఠం మరిచిపోయింది నేనే!

కణాలకూ అటువంటి పోలిక పరీక్ష ఇప్పుడు వుంది. మన డి.ఎన్.ఎ.లో కొన్నిచోట్ల చిన్నచిన్న అక్షరాల గుంపులు మళ్ళీమళ్ళీ వస్తుంటాయి. ఏ చోట ఎన్నిసార్లు వస్తాయన్నది మనిషికీ మనిషికీ తేడా. అలాంటి చోట్లు కొన్ని లెక్కపెడితే మనిషి వేలిముద్ర వంటి గుర్తు దొరుకుతుంది. హత్య కేసుల్లోనూ, తండ్రి ఎవరో తేల్చే కేసుల్లోనూ న్యాయస్థానాలకు ఉపయోగపడేది ఈ జాతి పరీక్షే. 1980ల చివర హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగు మన దేశానికి సొంత డి.ఎన్.ఎ. వేలిముద్ర పద్ధతిని సిద్ధం చేసిన సంగతి మనవారికి తెలిసిందే. కణాల గుర్తును లోకంలోని పట్టికలతో పోల్చి చూస్తే సీసాలో వున్నది ఎవరో తెలిసిపోతుంది. కొద్దిరోజుల పని. రెండేళ్ళ పరిశోధనకయ్యే వ్యయంతో చూస్తే దీని ఖర్చు లెక్కలోది కాదు.

2012లో కొన్ని దేశాల శాస్త్రజ్ఞులు కలిసి దీనికోసమే ఒక సంఘం పెట్టారు. తప్పుడు పేర్ల కణాల పట్టికను వారు అందరికీ అందుబాటులో వుంచారు. అందులో 500కు పైగా కణవంశాలున్నాయి. పరీక్ష కాగితం లేనిదే వ్యాసం వేయమని కొన్ని పత్రికలు నియమం పెట్టుకున్నాయి. అలాంటి ఒక పత్రిక పుణ్యమా అనే మా పిల్ల సంగతి బయటపడింది.

ఆమె పేరు

ఈ కథలో మనసుకు తగిలే ముక్క ఒకటి మిగిలింది. కణాలకే కాదు, ఆ కణాలు ఇచ్చిన తల్లికీ తప్పుడు పేరే తగిలించారు. హీలా అంటే 'హెలెన్ లేన్' అని చాలా ఏళ్ళు పుస్తకాల్లో, పత్రికల్లో రాశారు. హెన్రియెటా అనే మనిషి ఒకతె వుండేదని లోకానికి తెలియదు. తమ తల్లి కణాలు బ్రతికే వున్నాయని ఆమె బిడ్డలకూ తెలియదు. వారికి ఎప్పుడు తెలిసిందనుకున్నారు? 1973లో. అదీ ఈ కల్తీ గొడవ వల్లనే! ఏ సీసాలో హీలా వుందో గుర్తుపట్టడానికి ఆమె సంతానం నెత్తురు కావలసి వచ్చింది. అందుకని శాస్త్రజ్ఞులు వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళారు. నెత్తురు ఎందుకు తీస్తున్నారో కూడా వాళ్ళకు సరిగా అర్థం కాలేదు. తల్లికి వచ్చిన జబ్బు తమకూ వుందేమోనని భయపడ్డారు. ఆమె కణాలతో లాభాలు గడించిన ఒక పెద్ద కంపెనీ మీద ఆ కుటుంబం దావా వేసి, రాజీకి రావడానికి 2023 దాకా పట్టింది.

మా మేనకోడలి విషయానికి వస్తాను. అచ్చయిన మొదటి వ్యాసం సంగతి ఏం చేయాలన్నది ఆ పిల్ల బాధ. వాళ్ళ ప్రొఫెసరు మొదట, "అందరూ వాడుతున్న కణాలే గదా, పాతది తవ్వుకోవడం ఎందుకు?" అన్నారట. పండుగ సెలవుల్లో ఆ పిల్లకు సరిగా నిద్రపట్టలేదు. వెళ్ళేముందు నన్నడిగింది: "మామయ్యా, నువ్వైతే ఏం చేస్తావు?"

నాకు తోచినది చెప్పాను. "అమ్మా, నా చెట్టు కలెక్టరు అని తెలిశాక కూడా నేను బంగినపల్లి అని పళ్ళు పంచితే, మొదటిసారి మోసపోయినవాణ్ణి నేను, రెండోసారి మోసం చేసినవాణ్ణి నేను."

ఉగాదికి ఫోను చేసింది. గొంతులో హుషారు వుంది. ప్రొఫెసరుగారు నాలుగు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారట. ఇద్దరూ సంతకాలు పెట్టి ఆ పత్రికకు ఉత్తరం రాశారు. మేము కాలేయం అనుకున్నవి హీలా కణాలు, చదివేవారు ఆ సంగతి గమనించగలరు అని. పరీక్ష చేసిన కొత్త కణాలు తెప్పించి పని మళ్ళీ మొదలుపెట్టింది. ఏడాదిన్నర ఆలస్యమవుతుంది. "ఫరవాలేదు మామయ్యా, ఈసారి సీసాలో ఎవరున్నారో నాకు తెలుసు" అన్నది.

మామిడిచెట్టును కొట్టేయమని కొందరు సలహా ఇచ్చారు. నేను కొట్టలేదు. తప్పు చీటీది గాని చెట్టుది కాదు గదా! పచ్చికాయ కోసి ఉప్పూకారం అద్దుకు తింటే కలెక్టరుకు సాటి లేదు. ఆ పాత రేకుముక్క మాత్రం తీసేసి, కొత్తది కట్టి, నా చేత్తోనే సరైన పేరు రాశాను.